లూపు మూసే వేళ

దావీదు వ్యాన్‌కి కార్బురేటర్ పీకి
ఇంజెక్టర్లు పెట్టి పదకొండు రోజులు.
పాలకొల్లు లాకుల దగ్గర నా షెడ్డు,
ఒళ్లో లాప్‌టాప్, మీటల మీద గ్రీజు వేలిముద్రలు.
డబ్బా ఒకటే ప్రశ్న అడుగుతోంది:
సెన్సర్ మాట ఎప్పటినుంచి వినమంటావు?

ఎప్పుడూ విను, అని రాశాను మొదట.

తెల్లారగట్ల నాలుగింటికి ఫోను.
వీరవాసరం దాటాక ఇడ్లీ బండి దగ్గర ఆపాడట,
మళ్లీ స్టార్ట్ చేస్తే రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.
వెనకాల నలభై సంచుల్లో రొయ్యపిల్ల,
సంచికి ఇంత ఉప్పునీరు, మిగతాదంతా ఆక్సిజన్.
ఎండెక్కితే పిల్ల దక్కదు.
దావీదు తిట్టలేదు. అదే బాధ.
"పొద్దున్నే దగ్గుతోందన్నా" అన్నాడంతే.

చల్లటి సెన్సర్ అబద్ధం చెప్పదు,
అసలేమీ చెప్పదు.
దాని మౌనాన్ని డబ్బా
"పెట్రోలు చాల్లేదు" అని చదువుకుంది.
పోసింది. ఇంకా పోసింది,
ప్లగ్గులు నల్లగా తడిసేదాకా.
మూడొందల డిగ్రీలు కాగితేగాని
దానికి నోరు పెగలదని తెలిసీ రాసింది నేనే.

చెరువు గట్టు మీద సుబ్బతాతరాజుగారు
మీటరు నీళ్లలో ముంచి గడియారం చూసేవారు.
"ముంచగానే వచ్చిన అంకె నమ్మకురా,
దాన్ని నీళ్లకి అలవాటు పడనీ.
ఏరియేటర్ పక్కన అసలు కొలవకు,
అక్కడ చెరువెప్పుడూ బాగానే ఉంటుంది."

చెరిపి, మళ్లీ రాశాను.
స్టార్టయ్యాక నలభై సెకన్లు ఎవర్నీ అడక్కు.
రేడియేటర్ నీళ్లు అరవై దాటేదాకా
పట్టికలో ఉన్నంతే పొయ్యి,
మా అమ్మ పిడికిలి కొలతతో ఎసట్లో ఉప్పేసినట్టు.
రుచి చూడ్డం మరిగాక.

మిగతాది చించినాడ వంతెన నేర్పింది.
బల్లపరుపు నేల మాది,
ఎక్కడమంటే వంతెన ఒక్కటే.
దావీదు అడుగంటా తొక్కాడు, నేను పక్క సీట్లో తెర చూస్తూ.
సెన్సర్‌కి వచ్చినవి రెండే మాటలు: ఎక్కువ, తక్కువ.
ఎంత ఎక్కువో దానికి తెలీదు.
"ఎక్కువ, ఎక్కువ" అని గోల.
ఎక్కువే కావాలి అప్పుడు. దాని మాట విని కోసేస్తే
పిస్టన్ తల మాడుతుంది.
తొక్కుడు డెబ్బై దాటితే వినకు, అని రాసుకున్నాను.

అవతలికి దిగుతుంటే కాలు తీశాడు.
పెట్రోలు సున్నా, గొట్టం నిండా ఉత్త గాలి.
"తక్కువ!" అని కేక.
నిజమే పాపం. ఆ నిమిషానికి అక్కర్లేని నిజం.
దిగాక మూడు సెకన్లు ఆగి
అప్పుడు పలకరించు.

ఇన్నీ రాసినా తిన్న రోడ్డులో కూడా
తక్కువ తక్కువంటూనే ఉంది.
రెండు రోజులు అంకెలతో కుస్తీ పట్టాను.
చివరికి సబ్బునురగ రాస్తే
మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర బుడగలు.
చిట్లిన చోట పొగ బయటికి, గాలి లోపలికి.
రాజుగారి ఏరియేటర్ నా గొట్టంలోనే తిరుగుతోంది!
దానికి ఏ నియమమూ లేదు, నూటెనభై రూపాయల గాస్కెట్ తప్ప.

ఇప్పుడు రాజోలు కాలవ గట్టు మీద
యాభైలో పోతుంటే లూపు మూసుకుంటుంది.
తెర మీద గీత లేస్తుంది, పడుతుంది,
పడవవాడు గెడ ఎడమకోసారి కుడికోసారి వేసినట్టు.
తిన్నగా పోవడమంటే
అటు కాస్త తప్పి ఇటు కాస్త తప్పడమే కాబోలు.
దిద్దుబాటు నూటికి పన్నెండు దాటకూడదని మాత్రం
ముకుతాడు వేశాను.

నిన్న తెల్లారగట్ల ఫోను మోగలేదు.
ఎనిమిదింటికి నేనే చేశాను.
"పిల్ల వదిలేశామన్నా, ఇడ్లీ తింటున్నా."

ఇవాళ ముసురు పట్టింది.
నలభై సెకన్లన్న చోట యాభై చేశాను.
లెక్క చూపించమంటే
నా దగ్గర లేదు.